మీ బిడ్డ ముఖాన్ని పాస్టెల్‌తో గీయడం ఎలా

మన బిడ్డ ముఖం మనకు కంఠతా వచ్చు. బొమ్మ గీయడానికి కూర్చున్నప్పుడు అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. ముద్దొచ్చే కళ్లు కదా అని చెయ్యి వాటిని ఇంకాస్త పెద్దవి చేసేస్తుంది. నవ్వితే బాగుంటుందని పెదవుల చివర్లు పైకి లాగేస్తుంది. తీరా పూర్తయ్యాక కాగితం మీద ఓ చక్కటి పాప ఉంటుంది గానీ, మన పాప ఉండదు. మా అమ్మాయిని ఐదేళ్లప్పుడు మొదటిసారి గీస్తే సరిగ్గా ఇదే జరిగింది. బొమ్మను చాలాసేపు చూసి "ఇదెవరమ్మా?" అని అడిగింది. ఆ తర్వాత ఎన్నో బొమ్మలు గీశాక నాకో పద్ధతి కుదిరింది. దాన్ని మొదటి నుంచి చివరిదాకా చెబుతాను. పెన్సిల్‌తో ఓ మాదిరిగా గీయగలిగితే చాలు, పాస్టెల్ ఇంతకు ముందు ముట్టుకుని ఉండక్కర్లేదు.

పాస్టెలే ఎందుకంటే, అది రంగు పొడిని కొద్దిపాటి జిగురుతో కలిపి కడ్డీగా చేసి ఆరబెట్టింది. నూనె కలపాల్సిన పని లేదు, ఆరేదాకా ఆగాల్సిన పని లేదు. బిడ్డ పడుకున్న గంటలో కూర్చుని, లేవగానే వదిలేసి, రాత్రి మళ్లీ అక్కణ్నుంచే అందుకోవచ్చు. చిన్నపిల్లల చెంప మీద ఉండే ఆ నూగులాంటి మెత్తదనం కూడా ఇందులో వచ్చినంత తేలిగ్గా మరో రంగులో రాదు. 18వ శతాబ్దపు యూరప్‌లో ముఖచిత్రాలకు దీన్ని కోరి మరీ వాడారు. వెనిస్ చిత్రకారిణి రోసాల్బా కారియేరాకు పేరు తెచ్చినవి పాస్టెల్ ముఖచిత్రాలే. 1720లో ఆమె పారిస్ వెళ్తే అక్కడి రాజ చిత్రకళా అకాడమీ ఆమెను సభ్యురాలిగా తీసుకుంది. తర్వాతి శతాబ్దంలో అమెరికన్ చిత్రకారిణి మేరీ కసాట్ కూడా తల్లీబిడ్డలను గీయడానికి పదే పదే పాస్టెల్ కడ్డీనే పట్టుకుంది.

ఏం కావాలి

సాఫ్ట్ పాస్టెల్స్ తీసుకోండి. పిల్లలు స్కూల్లో వాడే జిడ్డు కడ్డీలు ఆయిల్ పాస్టెల్స్, వాటి పనితీరు వేరు. ముప్పై నలభై రంగులున్న పెట్టె సరిపోతుంది. అందులో ఎల్లో ఓకర్ (మట్టి పసుపు), బర్న్ట్ సియెన్నా (ఎర్ర గోధుమ), అంబర్ (ముదురు మట్టి గోధుమ), ఇటుక ఎరుపు, ఊదా, ముదురు నీలం, ఆలివ్ ఆకుపచ్చ, లేత పీచ్, మీగడ రంగు ఉన్నాయో లేదో చూసుకోండి. వీటికి తోడు నాలుగైదు హార్డ్ పాస్టెల్స్, ముదురు గోధుమ రంగు పాస్టెల్ పెన్సిలొకటి, లేత రంగుదొకటి. పెట్టె తెరవగానే నల్ల కడ్డీని, తెల్ల కడ్డీని తీసి దూరంగా పెట్టేయండి. అవి చేతికందే చోట ఉంటే నీడ అనగానే నలుపు, వెలుగు అనగానే తెలుపు పూసేస్తాం, ముఖం బూడిద పూసినట్టు తయారవుతుంది.

కాగితం దగ్గర మాత్రం పొదుపు చేయొద్దు. మామూలు డ్రాయింగ్ పేపర్ నున్నగా ఉంటుంది, రెండు పొరలకే నిండిపోయి మూడో పొర జారిపోతుంది. పాస్టెల్ పట్టుకునేంత గరుకు కావాలి. సన్నటి గరుకున్న శాండెడ్ పేపర్ అయితే పొర మీద పొర హాయిగా వేసుకోవచ్చు. కాన్సన్ వాళ్ల మి-టీంట్స్ కాగితం వాడితే, దానికి ఒక వైపు తేనెతుట్టె గళ్లలా ఉంటుంది, రెండో వైపు సాఫీగా ఉంటుంది. ముఖానికి రెండో వైపే మేలు. లేకపోతే ఆ గళ్లు బుగ్గల మీద తేలతాయి. రంగు కాగితమే తీసుకోండి: బూడిద రంగు, మట్టి రంగు, లేదా ఆకుపచ్చ కలిసిన బూడిద. తెల్ల కాగితం మీద వేసిన ప్రతి రంగూ ముదురుగా కనబడి భయపెడుతుంది. మధ్యస్థమైన రంగు మీద అయితే వెలుగు ఏదో నీడ ఏదో మొదటి గీతకే తెలుస్తుంది.

కాగితం 12 × 16 అంగుళాలది అయితే బాగుంటుంది. తల ఎత్తు ఆరేడు అంగుళాలుండాలి. అంతకన్నా చిన్నదైతే కంటిలో కడ్డీ మొన పట్టదు. అసలు తలకన్నా పెద్దగా గీస్తే పిల్లల ముఖంలోని సుకుమారం పోతుంది.

పొడి గురించి ఒక మాట, ఇంట్లో చిన్నపిల్ల ఉంది కాబట్టి. కొన్ని కడ్డీల్లో కాడ్మియం, కోబాల్ట్ లాంటి లోహాలతో చేసిన రంగులుంటాయి. బోర్డును నిలువుగా, పై అంచు కాస్త ముందుకు వాలేలా పెట్టండి. పొడి బొమ్మ మీద కాకుండా నేరుగా కింద పడుతుంది. అక్కడ తడి గుడ్డ పరిచి ఉంచండి. పొడిని నోటితో ఊదొద్దు, పొడి చీపురుతో ఊడ్వొద్దు, తడి గుడ్డతోనే తుడవండి. మాస్క్ పెట్టుకోండి, పనయ్యాక చేతులు కడుక్కుని గానీ బిడ్డను ఎత్తుకోకండి. పెట్టె పిల్లలకు అందని ఎత్తులో ఉండాలి. "నేనూ వేస్తా" అని వస్తే మైనపు క్రేయాన్లు ఇచ్చి, కొంచెం దూరంలో కూర్చోబెట్టండి.

ఫోటో, కిటికీ, పది నిమిషాలు

పిల్లలు కదలకుండా కూర్చోరు, కూర్చోమని బలవంతం చేస్తే ఆ విసుగంతా ముఖంలోకి వచ్చేస్తుంది. అందుకని ఆకారానికి ఫోటో, రంగుకు బిడ్డ. రెండూ కావాలి.

బిడ్డను కిటికీ పక్కన, వెలుగు ఒక్క వైపు నుంచే పడేలా కూర్చోబెట్టి, గదిలో లైట్లు ఆర్పేయండి. ఫ్లాష్ వద్దు. అది నీడలన్నిటినీ తినేసి ముఖాన్ని పళ్లెంలా చదును చేస్తుంది. మనం ఎత్తుగా ఉంటాం కాబట్టి అలవాటుగా పైనుంచి తీస్తాం, దాంతో నుదురు పెరిగి గడ్డం మాయమవుతుంది. మోకాళ్ల మీద కూర్చుని కెమెరాను బిడ్డ కళ్ల ఎత్తుకు తెండి. ఫోన్ ముఖానికి దగ్గరగా పెడితే ముక్కు ఉబ్బి, చెవులు వెనక్కి పోతాయి. ఆరేడు అడుగుల దూరం జరిగి జూమ్ చేయండి.

"నవ్వు" అని అనకండి. అడిగి నవ్వించిన నవ్వులో కళ్లు మూసుకుపోతాయి, పెదవులు బిగుసుకుంటాయి. కథ వింటున్నప్పుడో, ఏదైనా విప్పి చూస్తున్నప్పుడో తీయండి. కనీసం యాభై తీసి, వాటిని బొటనవేలి గోరంత చిన్నగా చేసి చూడండి. అంత చిన్నదానిలోనూ "ఇది మా వాడే" అనిపించిన ఫోటోనే తీసుకోండి. దాన్ని ఒకటి రంగుల్లో, ఒకటి నలుపు తెలుపుల్లో ప్రింట్ తీయించండి.

తర్వాత అదే కిటికీ దగ్గర, అదే వేళకు, బిడ్డకు ఎవరైనా కథ చెబుతుంటే మీరు పది నిమిషాలు ఊరికే చూడండి. కనబడిన రంగును మాటల్లో రాసుకోండి. నా పాత నోట్‌బుక్‌లో ఇలా ఉంది: "చెవి తమ్మె నారింజ ఎరుపు, వెనకనుంచి వెలుగు తగులుతోంది. గడ్డం కింద నీడలో గౌను పసుపు పడుతోంది. కింది రెప్ప కింద లేత ఊదా." ఈ మూడింట్లో ఒక్కటి కూడా ఫోటోలో లేదు. బొమ్మకు ప్రాణం వచ్చింది ఆ మూడు చోట్లే.

గీత

పెన్సిల్ గీతతో మొదలుపెట్టకండి. గ్రాఫైట్ జిడ్డుగా మెరుస్తుంది, దాని మీద పాస్టెల్ పట్టదు. గోధుమ రంగు పాస్టెల్ పెన్సిల్‌తోనే పలచగా గీయండి. గళ్లు గీసుకుని కొలత దించుకున్నా తప్పేం లేదు.

పెద్దవాళ్లలో కళ్లు తల ఎత్తుకు దాదాపు సగంలో ఉంటాయి. చిన్నపిల్లల్లో సగం కన్నా కిందికి ఉంటాయి. వయసు ఎంత తక్కువైతే అంత కిందికి. పైన ఉన్నదంతా నుదురూ కపాలమే. చాలామంది ఈ నుదురు తగ్గించేస్తారు, అప్పుడు మూడేళ్ల పిల్లాడు పదేళ్లవాడిలా కనబడతాడు. ముక్కు పొట్టిగా, దూలం పల్లంగా, ముక్కుపుటాలు కొద్దిగా పైకి తిరిగి ఉంటాయి. గడ్డం చిన్నది, కాస్త వెనక్కి ఉంటుంది. మెడ మనం అనుకునేదాని కన్నా సన్నం.

కళ్లు పెద్దగా కనబడటానికి మనం కష్టపడనక్కర్లేదు. నల్లగుడ్డు అడ్డం కొలత పుట్టినప్పుడే దాదాపు 10 మిల్లీమీటర్లుంటుంది, పెద్దయ్యాక దాదాపు 12. అంటే ముఖం ఎంతో పెరుగుతుంది గానీ నల్లగుడ్డు పెరిగేది కొంచెమే. చిన్న ముఖంలో అవి అంత నిండుగా ఉండటానికి కారణం ఇదే. ఉన్న కొలతకే గీయండి.

పోలిక కుదరాలంటే ముందు ఒక త్రిభుజం సరిచూసుకోండి: రెండు కళ్ల బయటి కొసలు, కింది పెదవి మధ్య భాగం. ఫోటోలో ఆ మూడింటి మధ్య దూరాలు కొలిచి, బొమ్మలో అదే నిష్పత్తి వచ్చిందా చూడండి. అది సరిపోతే సగం పని అయినట్టే. ఆ తర్వాత ఫోటోనూ బొమ్మనూ రెంటినీ తలకిందులుగా తిప్పి పోల్చండి. తలకిందులుగా ఉన్నప్పుడు అది మన బిడ్డ ముఖం కాదు, ఆకారాలూ దూరాలూ మాత్రమే. కాబట్టి మమకారం అడ్డురాదు, తప్పు చటుక్కున దొరుకుతుంది.

ఇక్కడే తల్లికో తండ్రికో ఉన్న చనువు పనికొచ్చేది కూడా. మా అమ్మాయికి నుదుటి పైన కుడివైపు జుట్టు మొదట్లో చిన్న సుడి ఉంది. ఎంత దువ్వినా అక్కడి వెంట్రుకలు పైకి లేచి పక్కకు పడతాయి. ఎడమ కనుబొమ ఒక పిసరు ఎత్తు. మొదటి బొమ్మలో రెంటినీ చక్కదిద్దేశాను, అందుకే అది దాని ముఖం కాలేదు. మీ బిడ్డ ముఖంలో ఇలా సమంగా లేనివి రెండు మూడైనా ఉంటాయి. అవేమిటో ముందే రాసి పెట్టుకుని, వాటిని కాపాడండి.

పొరలు

కడ్డీని అంగుళం ముక్కకు విరవండి. కొత్త కడ్డీ విరవడానికి మనసు రాదు, కానీ పాస్టెల్ పనంతా ఆ ముక్కను అడ్డంగా పెట్టి లాగడంలోనే ఉంది. ఇప్పుడు కళ్లు చికిలించి నలుపు తెలుపు ఫోటోను చూడండి. వివరాలు పోయి మూడే మిగులుతాయి: ముదురు, మధ్యస్థం, లేత. మొదట ముదురువి వేయండి. అంటే జుట్టు, నీడ వైపు చెంప, గడ్డం కింద, కంటి గుంటలు. మధ్యస్థాన్ని చాలాచోట్ల కాగితానికే వదిలేయండి. లేతవి పలచగా సూచించండి. చెయ్యి చాలా తేలిగ్గా ఆడాలి, కాగితం గరుకు ఇంకా కనబడుతూనే ఉండాలి. ముందు గట్టి కడ్డీలు, పోనుపోను మెత్తవి. మొదటి అరగంట కనుపాప, పెదవి గీత అనే మాటే ఎత్తొద్దు.

వేలితో రుద్దడం ఈ మొదటి పొరలో మాత్రమే. రుద్దితే నున్నగా వస్తుంది కదా అని చివరిదాకా రుద్దుకుంటూ పోతే రంగులో మెరుపు చచ్చి, ముఖం మైనపు బొమ్మలా అవుతుంది. రెండో పొర నుంచి రంగు పక్కన రంగు గీతలుగా వేయండి, చూసేవాళ్ల కంట్లో అవి కలుస్తాయి. చెంప మీద గీతలు చెంప గుండ్రదనం వెంట తిరగాలి.

చర్మం రంగు

"స్కిన్ కలర్" అని రాసి ఉన్న కడ్డీ ఏ బిడ్డ చర్మానికీ సరిపోదు. ముఖం అంతా ఒకే రంగులో ఉండదు. నుదురు కొంచెం పసుపు వైపు ఉంటుంది. నెత్తురు ఎక్కువగా ఆడే చెంపలు, ముక్కు కొస, చెవులు ఎరుపు వైపు. నోటి చుట్టూ, గడ్డం కొంచెం చల్లగా, ఆకుపచ్చ కలిసిన బూడిద వైపు మొగ్గుతాయి. ఓకర్‌తో నుదురు, దాని మీద పీచ్. చెంపల్లో సియెన్నా మీద ఇటుక ఎరుపు. గడ్డం దగ్గర ఓకర్ మీద ఒకటి రెండు ఆలివ్ గీతలు. నీడలో నలుపు వాడకుండా అంబర్, ఊదా, ముదురు ఎరుపు కలపండి. వెలుగు నీడలోకి జారే ఆ సన్నటి పట్టీ ఉంటుందే, రంగు అక్కడే అన్నిటికన్నా చిక్కగా ఉంటుంది. అక్కడ బర్న్ట్ సియెన్నా ధైర్యంగా వేయండి.

ముదురు చర్మం మీద కిటికీ వెలుగు పడిన చోటు చల్లగా, లేత నీలం కలిసినట్టుగా మెరుస్తుంది. దాన్ని తెలుపుతో పట్టుకుందామని చూస్తే బూడిద తేలుతుంది. లేత నీలి బూడిద కడ్డీతో ఒక్కసారి తాకించి వదిలేయండి. నీడల్లో ముదురు ఎరుపు, ముదురు ఊదా ఎంత వేసినా భరిస్తుంది. బొమ్మలోనైనా రెండు ఛాయలు తేల్చి వేద్దామనే ఆశ కొందరికి కలుగుతుంది, చుట్టూ ఉన్నవాళ్లు ఆ సలహా కూడా ఇస్తారు. దయచేసి ఆ పని చేయకండి. ఆ బొమ్మను రేపు మీ బిడ్డ చూస్తుంది. తన రంగును అమ్మో నాన్నో ఎలా చూశారో అందులో చదువుకుంటుంది. చామనఛాయకైనా నలుపుకైనా ఉండే లోతు పాస్టెల్‌లో అద్భుతంగా పలుకుతుంది, దాన్ని పలకనివ్వండి.

కళ్లు

రెండు కళ్లూ ఒకేసారి నడపండి. ఒకటి పూర్తిచేసి రెండోది మొదలుపెడితే జత కుదరదు. తెల్లగుడ్డు తెల్లగా ఉండదు. పై రెప్ప నీడ దాని మీద పడుతుంది కాబట్టి పై భాగం బూడిద ఊదా, మిగతాది లేత నీలి బూడిద. నల్లగుడ్డును ముదురు గోధుమతో నింపి, పై భాగాన్ని ఇంకా ముదురు చేయండి. పైన కొంత రెప్ప కింద దాగి ఉండాలి, మొత్తం గుండ్రంగా కనబడితే బిడ్డ ఉలిక్కిపడినట్టు ఉంటుంది. వెలుగు కంట్లోకి దూరి ఎదుటి వైపు తేలుతుంది. కిటికీ ఎడమ పైన ఉంటే నల్లగుడ్డు కుడి కింది భాగంలో కొద్దిగా సియెన్నా పెట్టండి. కంటికి లోతు వచ్చేది ఇక్కడే. కనుపాప అంచు కత్తిరించినట్టు ఉండకూడదు.

రెప్పవెంట్రుకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టి గీయకండి. పై రెప్ప అంచును ఒక మందపాటి ముదురు గీతగా వేసి, బయటి కొసలో రెండు మూడు విడిస్తే చాలు. కింది రెప్పకు ఒక సన్నటి తడి అంచు ఉంటుంది, దాన్ని లేత పీచ్ పెన్సిల్‌తో వేయండి. కంటిలో మెరుపు మాత్రం బొమ్మ మొత్తంలో ఆఖరున, ఒకే ఒక్క చుక్క, రెండు కళ్లలోనూ కిటికీ వైపుకే. అది వేసిన క్షణం బిడ్డ మిమ్మల్ని చూస్తుంది. నాకు ఇప్పటికీ ఆ క్షణంలో చెయ్యి వణుకుతుంది.

నోరు, జుట్టు, మిగతావి

పెదవుల మధ్య గీత ఒకే మందంలో ఉండదు. మధ్యలో ముదురు, పక్కలకు పోనుపోను పలచన, కొసల్లో చర్మంలో కలిసిపోతుంది. పై పెదవి కిందికి వాలి ఉంటుంది కాబట్టి ముదురు, కింది పెదవి లేత. చుట్టూ అంచు గీయొద్దు. పళ్లు కనబడుతుంటే వాటి మధ్య గీతలు పెట్టకుండా ఒకే లేత ముద్దగా వేయండి. ఊడిన పన్ను సందును ముదురు ఎరుపు గోధుమతో నింపండి. అక్కడ నలుపు పెడితే గుంటలా లాగేస్తుంది. ముక్కు పక్కనుంచి నోటికి దిగే మడతను గీతగా గీశారంటే బిడ్డకు ఇరవై ఏళ్లు వేసినట్టే. అది ఒక పలచటి నీడ మాత్రమే.

జుట్టును ముందు ఒక ముద్దగా, తర్వాత మూడు నాలుగు పాయలుగా చూడండి. మెరుపు తల గుండ్రదనం వెంట పట్టీలా పోతుంది. నుదుటి దగ్గర జుట్టు మొదలయ్యే చోట చర్మం రంగును జుట్టులోకి కొంచెం లాగండి, లేకపోతే టోపీ పెట్టినట్టుంటుంది. విడి వెంట్రుకలు చివర్లో, ఐదారుకు మించకుండా. బట్టలు, వెనక భాగం త్వరగా, వదులుగా ముగించండి. గౌను మీది పువ్వులన్నీ గీస్తే కళ్లు అటే పోతాయి. నీడ వైపు చెంప వెనక కొంచెం లేత రంగు, వెలుగు వైపు వెనక కొంచెం ముదురు ఉంటే తల కాగితం నుంచి లేచి వస్తుంది.

పొర మందమై రంగు పట్టకపోతే గట్టి కుంచెతో ఆ భాగాన్ని మెల్లగా దులిపి, పిండిలా నలిగే నీడెడ్ ఎరేజర్‌తో అద్ది తీయండి. మామూలు రబ్బరుతో రుద్దితే గరుకు చచ్చిపోతుంది.

పోలిక రాకపోతే

కళ్ల మీద పడకండి. తప్పు సాధారణంగా వేరే చోట ఉంటుంది. ముందు ఆ త్రిభుజం మళ్లీ కొలవండి. తర్వాత చెంప బయటి అంచు, అది ఒక వెంట్రుక మందం లోపలికి వచ్చినా పిల్లల ముఖం మారిపోతుంది. ఆపైన కళ్ల మధ్య ఎడం. అప్పటికీ తెలియకపోతే బొమ్మను అద్దంలో చూడండి. అలసిపోయి ఉంటే ఆ రాత్రికి వదిలేయండి, తెల్లారి గదిలోకి వస్తూనే తప్పు కనబడుతుంది.

భద్రం చేయడం

నేను చివర్లో ఫిక్సేటివ్, అంటే పొడి రాలకుండా పట్టి ఉంచే స్ప్రే, కొట్టను. అది రంగులను ముదురు చేస్తుంది, కష్టపడి తెచ్చిన లేత మెరుపులే ముందు పోతాయి. మధ్యలో పొర పట్టడం కోసం వాడాల్సి వస్తే ఆరుబయట, పిల్లలు లేని చోట, పలచగా కొట్టండి. పూర్తయ్యాక బోర్డు వెనక వేళ్లతో తట్టి వదులు పొడి రాల్చేయండి. ఫ్రేమ్ కట్టించేదాకా గ్లాసీన్ అనే నున్నటి పలచటి కాగితం కప్పి, కదలకుండా అంచుల్లో టేప్ వేసి, బల్లపరుపుగా పెట్టండి. ఫ్రేమ్‌కు అద్దమే వేయించండి, యాక్రిలిక్ షీట్ వద్దు. దానిలో పుట్టే స్టాటిక్ విద్యుత్తు పొడిని లాక్కుంటుంది. అద్దం బొమ్మకు తగలకుండా మధ్యలో మౌంట్ బోర్డు ఉండాలి. ఎండ పడని గోడకు తగిలించండి.

కాగితం వెనక తేదీ, బిడ్డ వయసు మొదటి గీతకు ముందే రాసుకోండి. తర్వాత రాస్తే ఆ ఒత్తిడికి పొడి రాలుతుంది. ఈ ముఖానికి వాడిన పది పన్నెండు ముక్కలను విడిగా ఒక చిన్న డబ్బాలో వేసి, ఒక కాగితం ముక్క మీద ఒక్కో కడ్డీ గీత గీసి, పక్కన "చెంప", "చెవి", "గడ్డం కింద" అని రాసి అందులోనే పెట్టండి. వచ్చే ఏడు మళ్లీ కూర్చున్నప్పుడు డబ్బా తెరిస్తే చాలు.